రీటేక్ లేని లొకేషన్లు

అడవి అనగానే మీ కళ్ళముందు మొదట కదిలేదేమిటి? మొహమాటం లేకుండా చెప్పండి!

మీ నాన్నగారినో తాతగారినో అడిగితే ‘అడవి రాముడు’ అంటారు. 1977. రామారావుగారు ఫారెస్టాఫీసరు, ఆయన చుట్టూ ఏనుగులు, ఎదురుగా కలప దొంగలు, ఇటు జయప్రద, అటు జయసుధ. రాఘవేంద్రరావుగారి దర్శకత్వంలో ఆ సినిమా ఆడిన ఆట ఇప్పటికీ కథలు కథలుగా చెప్పుకుంటారు. అదే మిమ్మల్ని అడిగితే ‘పుష్ప’ అంటారు. 2021. భుజం ఒకవైపు ఎత్తి, గడ్డం కింద చెయ్యి పోనిచ్చి... అంతే, ఇంక చెప్పనక్కర్లేదు!

సరదాగా ఒక లెక్క వెయ్యండి. 1977లో హీరో అడవిని కాపాడే ఆఫీసరు. 44 ఏళ్ళు తిరిగేసరికి హీరో అడవిలో చెట్లు కొట్టించి అమ్ముకునేవాడు. ఈలలు మాత్రం ఇద్దరికీ సమానంగానే పడ్డాయి.

ఇంకో సంగతి చెప్పనా? ‘అడవి రాముడు’లో మీరు చూసిన అడవి మన అడవి కానేకాదు. తమిళనాడులో, నీలగిరుల పాదాల దగ్గరున్న ముదుమలై అది. ‘పుష్ప’ కథ జరిగేది శేషాచలం కొండల్లో. తీసింది మాత్రం గోదావరి అవతల మారేడుమిల్లి, రంపచోడవరం అడవుల్లో. ఎర్రచందనం సహజంగా పుట్టి పెరిగేది అటు శేషాచలం, పాలకొండలు, నల్లమల వైపే. మారేడుమిల్లి దాని పుట్టిల్లు కాదు. అంటే వెండితెర మీద హీరోలకే కాదు, అడవులకీ డూప్ ఉంటుందన్నమాట!

డూప్‌ని చూసి చూసి విసుగెత్తింది. అసలు నటుల్ని ఒకసారి పలకరించి వద్దామని, మార్చి మొదటివారంలో నేనూ, మా దోస్తూ సంచులు సర్దుకున్నాం.

మా ఊరి నీళ్ళు పోయిన దారి

మాది మోస్రా. బోధన్‌కీ, వర్నికీ దగ్గర. సినిమా భాషలో గుర్తుండేలా చెప్పాలంటే ‘ఫిదా’లో భానుమతి ఊరు బాన్సువాడ ఉంది చూశారూ, ఆ చుట్టుపక్కలన్నమాట. నిజాంసాగర్ కాలువ కింద పచ్చగా ఉండే నేల. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో చెరకు ట్రాక్టరు వెనక పరుగెత్తి గడ లాక్కుని తినని పిల్లగాడు మా వైపు లేడు. 2015 డిసెంబరులో ఆ ఫ్యాక్టరీ మూతబడింది. ఇప్పుడు ఎటు చూసినా వరే. మాకు తెలిసిన వన్యప్రాణి అంటారా, చేలల్లో పడి నాశనం చేసే అడవిపంది. అంతకు మించి అడవి అనేది మాకు సినిమాహాల్లోనే పరిచయం.

మా దోస్తుది పక్కనున్న క్యాంపు. 1923లో మొదలుపెట్టి 1931కల్లా నిజాంసాగర్ కట్టాక, కాలువ నీళ్ళు చూసి కోస్తా జిల్లాల నుంచి రైతులొచ్చి, తుప్పలు కొట్టి, సేద్యం చేసుకుని స్థిరపడ్డ పల్లెల్ని మా దగ్గర క్యాంపులంటారు. వాడి తాత గోదావరి జిల్లా మనిషి. వాడి మాటలో రెండు యాసలూ ఉంటాయి. ఇంట్లో ‘అండీ’, బయట ‘ఏందిరా’!

బస్సెక్కుతూ వాడే అన్నాడు: “మా తాత అటునించి ఇటొచ్చిండు. నేను ఇటునించి అటు పోతున్న. అయినా మనం పోయేది నీళ్ళు పోయే దారే గదరా!”

నిజమే. నిజాంసాగర్ కట్టింది మంజీర మీద. మంజీర మా పొలాలు తడిపి, మిగిలిన నీళ్ళు తీసుకుని కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. అక్కణ్నించి ఆ నీళ్ళు బాసర దాటి, శ్రీరాంసాగర్‌లో కాసేపు ఆగి, భద్రాచలం మీదుగా పాపికొండల మధ్య దూరి, ధవళేశ్వరంలో కాటన్ దొర ఆనకట్ట కట్టిన చోట పాయలుగా చీలి, కాకినాడ పక్కన కోరింగ మడ అడవుల్లోంచి సముద్రంలో పడతాయి. అంటే మా మోస్రా కాలువలో కాగితం పడవ వదిలితే, దానికి అదృష్టం ఉంటే, సముద్రపు తాబేలు దాకా పోవచ్చు!

ఇంకో చిత్రం కూడా ఉంది. ఈ నీళ్ళదారిలో మొసళ్ళకోసం మంజీర అభయారణ్యం, పాపికొండల అభయారణ్యం, కోరింగ అభయారణ్యం, మూడూ ఏర్పడింది ఒకే ఏడాది, 1978లో. ‘అడవి రాముడు’ విడుదలైన మరుసటి సంవత్సరం! సినిమా చూసి ప్రభుత్వం కదిలిందని నేననను గానీ, ఆ తేదీలు పక్కపక్కన పెట్టుకుంటే మనసుకి బావుంటుంది.

అడవి కూడా పొదుపు చేస్తుంది

రాజమండ్రిలో రైలు దిగేసరికి ఇంకా చీకటి. ఇడ్లీ తిని, రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి చేరేసరికి ఎండ ఎక్కింది. దూరం 80 కిలోమీటర్ల పైచిలుకు. చివరి భాగం ఘాట్ రోడ్డు. మలుపు మలుపుకీ మా దోస్తు కిటికీలోంచి తల బయటపెట్టి, “అరేయ్, ఆ సీను ఈడనే తీసిండ్రు!” అని కేకలు. బస్సులో ముందు సీటు పెద్దావిడ వెనక్కి తిరిగి, “ప్రతి రాయి దగ్గరా తీశారు నాయనా. తల లోపల పెట్టుకో, లారీ వస్తది,” అంది.

మనకి పడమటి కనుమల్లో ఉన్నలాంటి అసలుసిసలు వాన అడవి లేదు. ఉన్నవాటిలో దానికి దగ్గరి చుట్టం ఇదే. ఎండాకాలంలో ఆకు రాల్చే చెట్లే ఎక్కువ. కానీ వాగుల వెంట, లోయల అడుగున, ఏడాది పొడుగునా ఆకుపచ్చగానే ఉండే పట్టీలున్నాయి. మద్ది, వేగిస, అడవి మామిడి, వాటి మీదికి పాకే అడ్డతీగ. భోజనం పెట్టుకునే అడ్డాకు విస్తరి ఈ తీగదే! మధ్యమధ్య జీలుగు చెట్లు, వేళాడే పెద్ద పెద్ద జడలతో. ఆ చెట్టు కల్లు కొండరెడ్ల ఇళ్ళలో అన్నం నీళ్ళతో సమానం.

మాకు దారి చూపించినాయన కొండరెడ్డే. నలభై దాటి ఉంటాయి. మేం “అన్నా” అన్నాం, ఆయన మాత్రం చివరిదాకా “సార్” మానలేదు.

“పులి కనిపిస్తదా అన్నా?” అని మావాడు మొదటి ప్రశ్న వేశాడు.

“మీకు కనపడదు సార్. మీరు దానికి కనపడతారు,” అన్నాడాయన, నవ్వకుండా.

మీరూ అదే అడుగుతారని నాకు తెలుసు కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. పులి కనిపించలేదు! పాపికొండల్లో పులి, చిరుత, అడవిదున్న, ఎలుగుబంటి, కణుజు, దుప్పి అన్నీ ఉన్నాయి. సినిమాలోలాగా ‘యాక్షన్’ అనగానే ఫ్రేములోకి రావు, అంతే. మాకు కనిపించింది బెట్టుడుత. మన పెరటి ఉడుత దీని పక్కన జూనియర్ ఆర్టిస్టు! మూతి నుంచి తోక చివరిదాకా మూరకి రెట్టింపు, వీపు ముదురు ఎరుపు, పొట్ట మీగడ రంగు. ఒక కొమ్మ మీంచి ఇంకో చెట్టు కొమ్మ మీదికి ఏ తాడూ లేకుండా దూకింది. ఫైట్ మాస్టర్లు చూసి నేర్చుకోవాలి. నేలమీదికి దిగడం దానికి ఇష్టం ఉండదట. అందుకే కొమ్మకీ కొమ్మకీ మధ్య ఖాళీ వచ్చిందంటే దాని దారి తెగినట్టే. రోడ్డు వెడల్పు చెయ్యడమంటే మనకి ప్రయాణం సుఖం, దానికి వంతెన కూలడం.

కాసేపటికి తలమీద ఎవరో పెద్ద విసనకర్ర విసిరినట్టు చప్పుడు. ముక్కు మీద ఇంకో ముక్కు పెట్టుకున్న హార్న్‌బిల్ పక్షి. దీని కాపురం చూస్తే ఏ రచయితా రాయలేని సెంటిమెంటు! ఆడపక్షి చెట్టు తొర్రలో కూర్చుని, ముక్కు పట్టేంత సందు ఉంచి తలుపు మూసేసుకుంటుంది. వారాల తరబడి మొగపక్షి పళ్ళు మోసుకొచ్చి ఆ సందులోంచి తినిపించాలి. ఆ మొగపక్షిని ఎవడైనా సరదాకి కొట్టాడనుకోండి, లోపల ఒక సంసారం మొత్తం ఆకలితో మాడుతుంది. అదీగాక, పెద్ద తొర్ర ఉండాలంటే ముసలి చెట్టు ఉండాలి. లేత అడవిలో వీటికి అద్దె ఇల్లు దొరకదు.

జలతరంగిణి జలపాతం దగ్గర ఒక విషయం నన్ను పట్టుకుంది. మార్చి వచ్చింది, వానలు పోయి నెలలైంది, అయినా నీళ్ళు దూకుతూనే ఉన్నాయి. మా వైపు వాన కురిస్తే చేనులో ఉన్నంతసేపే, తెల్లారితే వాగులో ఉంటుంది. ఇక్కడ రాలిన ఆకు మీద ఆకు పడి పరుపులా మెత్తగా అయింది. ఆ పరుపు వాననంతా పీల్చుకుని, వేళ్ళ సందుల్లో దాచుకుని, బొట్టు బొట్టుగా వాగుకి వదులుతుంది. ఎవరూ పాసుబుక్కు ఇవ్వని పొదుపు ఖాతా అది. చెట్లు పోతే ఖాతా పోతుంది. అప్పుడు వానలో వరద, ఎండలో ఎండు.

“మా ఊరికి అదుండదు సార్”

మర్నాడు గండిపోచమ్మ గుడి దగ్గర లాంచీ ఎక్కాం. గోదావరి మీద పడవ అంటే మన సినిమావాళ్ళకి ఎంత మోజో మీకు తెలియంది కాదు. 1964లో ఆదుర్తివారి ‘మూగమనసులు’, 1973లో బాపుగారి ‘అందాల రాముడు’, 2006లో శేఖర్ కమ్ముల ‘గోదావరి’. ఆ శేఖర్ కమ్ములే పదకొండేళ్ళ తర్వాత మా బాన్సువాడకొచ్చి ‘ఫిదా’ తీశాడు. చూశారా, ఆయనా నీళ్ళదారినే నమ్ముకున్నాడు!

కొండలు దగ్గరకు జరిగి, నది సన్నబడి, నీళ్ళరంగు ముదురు ఆకుపచ్చకి తిరిగే చోట లాంచీలో మైకు పాట కూడా ఆగిపోయింది. ఎవరూ ఆపమనలేదు. డ్రైవరే ఆపాడు. రెండు ఒడ్లా అడవి నీటి అంచుదాకా దిగి నిలబడింది. ఈ కొండల్లో 1,012 చదరపు కిలోమీటర్లు 2008 నుంచి జాతీయ పార్కు.

మా గైడు అన్న కూడా ఆ రోజు మాతో వచ్చాడు. ఒక మలుపు దగ్గర లేచి నిలబడి చెయ్యి చూపించాడు. అక్కడ నీళ్ళే ఉన్నాయి. నీళ్ళలోంచి తాటిచెట్టు మొండెం ఒకటి.

“మా ఊరు,” అన్నాడు.

పోలవరం ప్రాజెక్టు కడుతున్నారు కదా. పూర్తిగా నిండితే నీటిమట్టం 45.72 మీటర్లు. ఇంకా నిండకముందే, అడ్డంగా కాఫర్ డ్యామ్ లేచిన దగ్గర్నుంచి ప్రతి వరదకీ ఎగువన ఊళ్ళు మునగడం మొదలైంది. దేవీపట్నం అలాగే మునిగింది. ఖాళీ చేయించినవాళ్ళలో కొండరెడ్లు, కోయలు చాలామంది. కాలనీల్లో ఇళ్ళు ఇచ్చారు. ఈ అన్న ఇప్పుడుండేది అలాంటి కాలనీలోనే.

“ఇల్లు బాగానే ఉందా అన్నా?” అనడిగాను.

“గోడలు బావున్నాయండి. చుట్టూ జీలుగు చెట్టు లేదు, చింతచెట్టు లేదు, తేనె లేదు. ప్రతిదీ కొనుక్కోవాలి.” కాసేపు ఊరుకుని మళ్ళీ అన్నాడు. “షూటింగులకి నేను సామాను మోసేవోణ్ని సార్. ఒకసారి ఇల్లు కాలిపోయే సీను. సరిగ్గా రాలేదని సాయంత్రానికి మళ్ళీ అలాంటి ఇల్లే కట్టి మళ్ళీ కాల్చారు. రీటేక్ అంటారంట. మా ఊరికి అదుండదు సార్.”

మా దోస్తు అప్పటిదాకా సెల్‌ఫోను వీడియో తీస్తూనే ఉన్నాడు. జేబులో పెట్టేశాడు.

ఇక్కడ నీతులు చెప్పడం నాకు తేలిక కాదు. ఎందుకంటే నేను తిన్న అన్నం నిజాంసాగర్ నీళ్ళది. అది కట్టినప్పుడు కూడా ఊళ్ళు మునిగాయి. పోలవరం నీళ్ళకోసం ఎదురుచూసే రైతు మా నాన్నలాంటివాడే, శత్రువు కాదు. సినిమాలోలాగా ఒకడు హీరో, ఇంకొకడు విలన్ అని పంచేస్తే కథ సుఖంగా నడుస్తుంది. లాంచీలో పక్కన కూర్చున్న మనిషి మొహం చూస్తే అలా పంచబుద్ధి కాదు. ఒకటి మాత్రం అనిపించింది: కాలువ చివర నీళ్ళు తాగేవాడికి, ఆ నీళ్ళకోసం ఎవరి ఊరు పోయిందో పేరైనా తెలిసి ఉండాలి. నిజాంసాగర్ కింద మునిగిన ఊళ్ళలో ఒక్కదాని పేరు చెప్పమంటే మా ఇద్దరికీ నోరు పెగల్లేదు.

ఆకు నాకితే ఉప్పు

కొండలు దిగి, గోదావరితోపాటే కిందికొచ్చి, కాకినాడ నుంచి యానాం రోడ్డులో అరగంట వెళితే కోరింగ. ఇది అడవే, కానీ మనం అడవి అనుకునేదానికి పూర్తిగా తిరగేసిన అడవి. కింద నేల లేదు, బురద. వేళ్ళు కిందికి కాదు, బురదలోంచి పైకి పొడుచుకొచ్చి ఉంటాయి, మేకులు దిగేసినట్టు. ఉప్పు బురదలో గాలి ఆడదు కాబట్టి తెల్లమడ, నల్లమడ చెట్లు వేళ్ళని పైకి పంపి ఊపిరి తీసుకుంటాయి. చెక్కవంతెన మీద నడుస్తుంటే, అటూ ఇటూ వేలాది ముక్కులు మనల్ని చూసి ఊపిరి పీలుస్తున్నట్టుంటుంది!

పడవ నడిపినాయన అరవై దాటిన బెస్తమనిషి. “బాబాయ్” అని పిలిస్తే సంతోషించాడు.

“ఆ మడ ఆకు తెంపి నాకండి బాబూ,” అన్నాడు.

నాకాను. ఉప్పు! వేళ్ళతో తాగిన ఉప్పునీళ్ళలోని ఉప్పుని ఆకు మీదికి కక్కేస్తుందట చెట్టు. మావాడు హుషారుగా పక్కనున్న ఇంకో చెట్టు ఆకు తెంపబోయాడు. బాబాయి కర్రతో వాడి చెయ్యి కొట్టాడు. “అది తిల్ల బాబూ! పాలు కంట్లో పడితే చూపు పోద్ది.” అడవిలో అన్ని చెట్లూ అతిథులకి మర్యాద చెయ్యవు మరి.

ఇక్కడ కొన్ని జాతుల విత్తనాలు తల్లిచెట్టు మీద ఉండగానే మొలకెత్తుతాయి. మొలక బారుగా ఎదిగి, ఈటెలా కింద పడి బురదలో దిగుతుంది. లేదా ఆటుపోటు మీద తేలుకుంటూ పోయి దొరికిన గట్టున కాపురం పెడుతుంది. వేళ్ళ మధ్య రొయ్యపిల్ల, చేపపిల్ల, పీత. అంటే మన కాకినాడ రొయ్యల వేపుడికి పురిటిల్లు ఇదేనన్నమాట. చేపకి చెయ్యి మొలిచినట్టు రెక్కలతో బురదమీద గెంతే చేపల్ని చూసి మావాడు పది నిమిషాలు కదల్లేదు. నీటికుక్కల గుంపు ఒకటి మా పడవ చూసి తలలెత్తి, ఏదో అనుకుని, మునిగిపోయింది. ఈ అడవికి అసలు హీరో బావురుపిల్లి. నీళ్ళలోకి దూకి చేపలు పట్టే పిల్లి! రాత్రి సంచారి కాబట్టి మాకు దర్శనం కాలేదు. దాని అడుగుల జాడ బురదమీద చూపించి, “నిన్న రాత్రి ఆట,” అన్నాడు బాబాయి.

కోరింగ అంటే ఒకప్పుడు పెద్ద రేవు. ఇక్కడ ఓడ ఎక్కి రంగూన్ పోయిన తెలుగు కూలీల్ని బర్మావాళ్ళు ‘కొరంగీ’లనే పిలిచేవారు. ఊరి పేరే జాతి పేరైపోయింది. ఆ రేవుని 1789లో ఒక ఉప్పెన ముంచింది. 1839లో వచ్చింది ఇక లేవకుండా కొట్టింది. ఇప్పుడు అక్కడ 235 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం ఉంది.

ఉప్పెన అంటే మన చిత్రసీమకీ ఒక జ్ఞాపకం ఉంది. అదే 1977లో, నవంబరు 19న, దివిసీమని సముద్రం మింగింది. వేలమంది పోయారు. రామారావుగారు, నాగేశ్వరరావుగారు జోలె పట్టి వీధుల్లో తిరిగి విరాళాలు పోగుచేశారు. ఏప్రిల్లో అడవిని కాపాడే పాత్రలో చూసిన మనిషిని, ఏడాది తిరక్కుండా జోలెతో చూశారు జనం. సముద్రానికీ ఊరికీ మధ్య నిలబడే చెట్టు విలువ ఏమిటో అలాంటి రోజునే తెలుస్తుంది.

బాబాయికి తెలిసిన రోజు 1996 నవంబరు 6. ఆ తుఫాను కాకినాడకి దక్షిణాన తీరం దాటి, వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసింది.

“మా ఊరి ముందు మడ ఉంది బాబూ. నీళ్ళు వచ్చాయి, రాకపోలేదు. కానీ చిక్కుజుట్టుని దువ్వెన దువ్వినట్టు కెరటాన్ని మడ దువ్వేసింది. మోకాలి నీళ్ళయి వచ్చాయి. అంతకుముందు మా ఆడోళ్ళు వంటకి మడ కొట్టుకొచ్చేవోరు. ఆ తర్వాత మా అమ్మ కొట్టనివ్వలేదు.”

ఈ మడకి కూడు మా దగ్గర్నుంచే పోవాలి. ఎగువ నుంచి గోదావరి మోసుకొచ్చే ఒండ్రుమట్టి, తియ్యనీళ్ళు ఆగితే మడ ఎదగదు. ప్రతి ఆనకట్ట దగ్గరా నీళ్ళతోపాటు మట్టి కూడా ఆగుతుంది. మట్టి రాని తీరాన్ని సముద్రం కోసుకుపోతుంది. కాకినాడకి ఉత్తరాన ఉప్పాడలో రోడ్డునీ, ఇళ్ళనీ కెరటాలు ఎలా కొరుకుతున్నాయో ఎవరైనా పోయి చూడొచ్చు. మోస్రా కాలువ గట్టున కూర్చున్నప్పుడు ఈ సంగతి నాకెప్పుడూ తోచలేదు. అక్కడ నీళ్ళు సముద్రంలో ‘వృథాగా’ కలుస్తున్నాయని అందరం అనేస్తుంటాం. ఇక్కడ బాబాయి ముందు ఆ మాట అనడానికి ధైర్యం చాలలేదు.

చీకట్లో పుట్టి, వెలుగువైపు

కోరింగ అంచున, సముద్రానికి అడ్డుగా, పొడుగాటి ఇసుక దిబ్బ హోప్ ఐలాండ్. గోదావరి మోసుకొచ్చిన ఇసుకతోనే ఏర్పడింది. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్ళు ఈ తీరానికొచ్చి గుడ్లు పెడతాయి. ఒడిశాలోని గహిర్మఠలోలాగా లక్షల్లో కాదు, విడివిడిగా, ఒక్కొక్కటిగా. తల్లి రాత్రిపూట ఒడ్డుకొచ్చి, కాళ్ళతో గుంట తవ్వి, వందకి పైగా గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోతుంది. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు. ఇసుక బాగా వేడెక్కితే ఆడపిల్లలు, చల్లగా ఉంటే మొగపిల్లలు!

కాకినాడ దగ్గరి తీరంలో అటవీశాఖవాళ్ళు కంచె వేసి గుడ్లని కాపాడే ఇసుకమడి ఉంది. తెల్లవారుజామున అక్కడికి వెళ్ళాం. రాత్రి పొదిగిన పిల్లల్ని బుట్టలోంచి వదిలారు. అరచేతిలో ఇమిడేంత నల్లటి పిల్లలు. నీటివైపున కనిపించే లేత వెలుగు పట్టుకుని, ఒకదాన్ని ఒకటి తోసుకుంటూ పరుగు. ఫస్ట్ డే ఫస్ట్ షో క్యూ చూసినట్టే ఉంది! ఒడ్డున లైట్లు వెలుగుతుంటే ఇవి దారి తప్పి రోడ్డువైపు పోతాయి. వెయ్యి పిల్లల్లో ఒకటి పెద్దదయితే గొప్ప అంటారు. ఆడపిల్ల ఎదిగాక గుడ్లు పెట్టడానికి మళ్ళీ తను పుట్టిన తీరానికే వస్తుంది.

మేం తిరిగొస్తుంటే, అరకిలోమీటరు దూరంలో ఒక పెద్ద తాబేలు పడి ఉంది. దెబ్బ లేదు, గాయం లేదు. నిద్రపోతుందనుకున్నాడు మావాడు.

“ఊపిరాడక పోయింది,” అన్నాడు అటవీశాఖ కుర్రాడు. తాబేలు నీళ్ళలో బతికినా గాలి కోసం పైకి రావాలి. మరపడవ లాగే ట్రాలు వలలో చిక్కితే పైకి రాలేదు. నీళ్ళలోనే మునిగి చస్తుంది. వల మధ్యలో తాబేలు తప్పించుకునే తలుపు అమర్చే పరికరం ఉంది. కానీ తలుపులోంచి చేప కూడా పోతుందేమోనని పడవవాళ్ళ భయం. డీజిలు ఖర్చు, అప్పు, వేట లేని రోజులు... వాళ్ళ లెక్క వాళ్ళది. వేట మీద 61 రోజుల నిషేధం ఏప్రిల్ 15న మొదలవుతుంది. తాబేళ్ళు గుడ్లు పెట్టేది మాత్రం అంతకు ముందే. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం ఈ తాబేలుకి పులితో సమానంగా పెద్దపీట వేసింది. చట్టం ఒడ్డున ఉంది. వల నీళ్ళలో ఉంది.

ఆ చచ్చిన తాబేలు కడుపులో గుడ్లు ఉన్నాయేమోనని ఆ కుర్రాడు వంగి చూశాడు. ఏం కనిపించిందో మాకు చెప్పలేదు. మేం అడగలేదు.

మీరు వెళ్ళాలనుకుంటే

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మూడుచోట్లా వాతావరణం హాయిగా ఉంటుంది. తాబేలు పిల్లల్ని చూడాలంటే ఫిబ్రవరి చివర, మార్చి మంచివి. మారేడుమిల్లిలో అడవిబిడ్డలే నడిపే విడుదులున్నాయి. అక్కడ ఉంటే మీ డబ్బు వాళ్ళకి చేరుతుంది. బొంగులో కాల్చిన కోడి తినండి, బొంగు మాత్రం జలపాతంలో పారెయ్యకండి. పాపికొండల లాంచీలో లైఫ్ జాకెట్ తొడుక్కోండి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పడవ మునిగి ఎంతమంది పోయారో మరవకండి. కోరింగలో వంతెన దిగి బురదలో కాలు పెట్టకండి. తీరం మీద రాత్రిపూట టార్చిలైటు, ఫోను లైటు వద్దు.

మైకు సెట్టూ, రీలు డ్యాన్సూ ఇంటిదగ్గరే వదిలేసి వెళ్ళండి. బెట్టుడుత మీ స్టెప్పు చూడటానికి దిగిరాదు. గైడుని మాత్రం పలకరించండి. ఏ హీరో ఎక్కడ నిలబడ్డాడో అతను చూపిస్తాడు, సందేహం లేదు. ఆ తర్వాత, “అన్నా, మీ ఊరు ఎక్కడ?” అని కూడా అడగండి.